ముందుగదిలో మాటలు

వానలు మొదలైన వారంలో మా వియ్యపురాలు మా ఇంటికి వచ్చింది. వానలు వెనకబట్టాక వెళ్ళిపోయింది. ఈ మధ్యలో మా ఆయన మాట్లాడటం మొదలుపెట్టారు.

ఆమె రావడానికి కారణం వాళ్ళింటి పైకప్పు. వంటగదిలో కారుతోంది, పడగ్గదిలో కారుతోంది. తాపీమేస్త్రి వచ్చి చూసి, వానలు తగ్గేదాకా చెయ్యి పెట్టనన్నాడు. మా కోడలు ఆ సంగతి నాకు చెప్పి, "అన్నాళ్ళూ అమ్మ ఎక్కడుంటుంది అత్తయ్యా?" అంది.

"ఇక్కడుంటుంది. ఇంకెక్కడుంటుంది?" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఆ తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

మా ఇంట్లో ముందుగది మా ఆయన పనిగది. ఆయన గడియారాలు బాగుచేస్తారు. కిటికీ కింద బల్ల, బల్ల మీద దీపం, మూడు గోడల మీదా గడియారాలు. వీధిలోకి వెళ్ళాలన్నా, వీధిలోంచి లోపలికి రావాలన్నా ఆ గది దాటాల్సిందే. వేరే దారి లేదు. ఇంట్లో ఉండేది ఆయన, నేను, మా అబ్బాయి, కోడలు, మనవరాలు, మా మరిది. మరిది బస్సు డ్రైవరు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "ఆ రూట్లో డ్యూటీ పడలేదు వదినా" అంటాడు.

ముందుగదిలో ఎవరూ మాట్లాడకూడదు. అది మా ఇంటి చట్టం. పెళ్ళైన కొత్తలో ఒక పొద్దున నేను టీ తీసుకెళ్ళి ఏదో చెప్పబోతే ఆయన చెయ్యెత్తి, "మాట్లాడకు" అన్నారు. తల కూడా ఎత్తలేదు. నేను గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేశాను. మళ్ళీ ఆ గదిలో నోరు విప్పలేదు. ఇంకెవర్నీ విప్పనివ్వలేదు.

అప్పట్నుంచి ఆ గదిలో అందరిదీ సైగల భాష. మరిది డ్యూటీకి వెళ్తూ రెండు చేతులతో గాల్లో స్టీరింగు తిప్పి చూపిస్తాడు. కోడలు కూరగాయలకి వెళ్తూ సంచీ ఊపుతుంది. మనవరాలికి నడక వచ్చిన కొత్తల్లోనే, ఆ గుమ్మం దగ్గరికి రాగానే పెదాల మీద వేలు పెట్టుకోవడం వచ్చింది. మరిదికి అక్కడ తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని వీధిలోకి పరిగెత్తి తుమ్ముతాడు. ఎదురుగా ఉన్న సెలూన్ ఆయన, తననే పలకరిస్తున్నాడనుకుని చెయ్యి ఊపుతాడు. రోజంతా హారన్ కొట్టే మనిషి ఇంటికొచ్చేసరికి మూగవాడైపోతాడని బస్సు డిపోలో చెప్పుకుని నవ్వుతారట.

కోడలు కాపురానికి వచ్చిన వారంలో మా అబ్బాయిని నిలదీసిందట. "మీ ఇంట్లో ఎవరికో బాగాలేదు. నాకు చెప్పకుండా దాస్తున్నారు. ఎవరికి?"

ఆ గది బయట కూడా మా ఆయన పెద్దగా మాట్లాడేవారు కాదు. భోజనం దగ్గర "ఇంకొంచెం" అనేవారు, "చాలు" అనేవారు. మా కాపురం ఆ రెండు మాటల మీద నడిచింది. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి అని నేనే అందరికీ చెప్పుకునేదాన్ని. ఆ నిశ్శబ్దం ఎలా కాపాడాలో నాకొక్కదానికే తెలుసని కూడా చెప్పుకునేదాన్ని.

వియ్యపురాలు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగమే మాటలు కలపడం. ఆమె వచ్చిన రోజు వాన పడుతోంది. కోడలు గొడుగు పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళి తీసుకొచ్చింది. ముందుగది చట్టం సంగతి దారిలో చెప్పాల్సింది. మర్చిపోయింది. మేమందరం లోపలి గుమ్మంలో నిలబడి ఉన్నాం. ఆమె గడప దాటి, గొడుగు మూలన పెట్టి, గోడలన్నీ ఒకసారి చూసింది.

"అన్నయ్యగారూ! ఇన్ని గడియారాలున్నాయి, ఏ రెండూ ఒకే టైము చూపించవేమిటండీ?"

మరిది పెదాల మీద వేలు పెట్టాడు. మనవరాలు కూడా పెట్టింది.

మా ఆయన కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టారు. వెనక్కి తిరిగారు.

"సరైన టైము చెప్పేవాటిని వాళ్ళవాళ్ళు ఇంటికి తీసుకెళ్ళిపోతారు చెల్లెమ్మా. ఇక్కడుండేవన్నీ పేషెంట్లే" అన్నారు.

ఆమె పెద్దగా నవ్వింది. ఆయన కూడా నవ్వారు. మా అబ్బాయి నా వంక చూశాడు. నేను కోడలి వంక చూశాను. కోడలు నేల వంక చూసింది. మా పెళ్ళినాటి నుంచి ఆయన జోకు వెయ్యగా నేను వినడం అదే మొదటిసారి. అది కూడా వేరొకరి కోసం వేసింది.

కొత్తచుట్టం కదా, మర్యాదకి మాట్లాడి ఉంటారు అనుకున్నాను. మర్నాడు పొద్దున ఆమె బీన్స్ గిన్నె, కత్తి పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళి, గోడవారగా ఉన్న స్టూలు మీద కూర్చుంది.

"ఇక్కడ వెలుతురు బాగుంది వదినగారూ" అంది నాతో.

"ఆయనకి ఇబ్బందేమో" అన్నాను, గుమ్మం ఇవతల నుంచే, పెదాలు మెదపకుండా మాట్లాడే పద్ధతిలో.

"ఇబ్బందేం లేదు" అన్నారాయన.

ఇక రోజూ అదే వరస. ఆమె బీన్స్ తుంచుతూ అడుగుతుంది, ఆయన చెబుతారు. వెంట్రుకలాంటి స్ప్రింగు ఎలా ఊపిరి తీసుకుంటుందో, వానాకాలంలో గోడగడియారాలు ఎందుకు వెనకబడతాయో, ఏ గడియారం సొంతదారుడు ఎలాంటివాడో దాని లోపలున్న దుమ్ము చూసి ఎలా చెప్పొచ్చో. పనికి కుదిరిన మొదటి ఏడాది అంతా వాళ్ళ గురువు చేతికి గడియారం ఇవ్వకుండా, అయస్కాంతం ఇచ్చి నేల మీద పడ్డ స్క్రూలు ఏరించాడట. ఆ గురువు పేరు కూడా నాకు తెలియదు. ఆమెకి తెలుసు.

నాకు ముందుగది తలుపు దగ్గర పనులు పెరిగాయి.

"అత్తయ్యా, ఆ తలుపు పొద్దుట్నుంచీ తుడుస్తూనే ఉన్నారు" అంది కోడలు.

"తేమకి బూజు పడుతోంది."

"ఒక్క తలుపుకేనా?"

"నువ్వు నీ పని చూసుకో అమ్మాయ్."

తలుపు తుడుస్తూ విన్నవాటిలో రైలు స్టేషను గడియారం కథ ఒకటి. ఒకప్పుడు స్టేషను బురుజు మీది పెద్ద గడియారం బాగుచెయ్యడానికి ఆయన్ని పిలిచారు. పైకెక్కాక కింద ఎవరో నిచ్చెన తీసుకుపోయారు. సాయంత్రందాకా ఆయన ముళ్ళ వెనక కూర్చుని, కింద రైలెక్కేవాళ్ళని చూస్తూ, కేకలు వేశారు. పైనుంచి కేక వినబడితే జనం తలెత్తి టైము చూసుకుని వెళ్ళిపోయారట. వియ్యపురాలు నవ్వలేక కడుపు పట్టుకుంది. బీన్స్ గిన్నె బోర్లాపడింది.

ఆ సాయంత్రం నాకు గుర్తుంది. ఆయన ఆలస్యంగా ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, "ఇంకొంచెం" అన్నారు. తర్వాత "చాలు" అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడు స్టూలు తీసి అటక మీద పెట్టించాను. మరిది ఎక్కి పెట్టాడు.

"స్టూలేం తప్పు చేసింది వదినా?" అన్నాడు.

"కాలు ఊగుతోంది."

"స్టూలుదా, నీదా?"

వియ్యపురాలు స్టూలు కోసం చుట్టూ చూసి, పెరట్లోంచి బకెట్ తెచ్చి బోర్లించి దాని మీద కూర్చుంది. మా ఆయన అది చూశారు. బల్ల వదిలి లేచారు. కస్టమరు వచ్చినా కూర్చున్న చోటి నుంచి కదలని మనిషి, వానలో వీధి దాటి వెళ్ళి, సెలూన్ ఆయన్ని అడిగి, చేతులున్న కుర్చీ ఒకటి మోసుకొచ్చారు. దాని మీద తన తలగడ వేశారు.

"అయ్యో, నాకెందుకన్నయ్యగారూ ఇంత శ్రమ!"

"బకెట్ మీద నడుం పట్టేస్తుంది చెల్లెమ్మా."

ఇన్నేళ్ళలో ఆ గదిలో నన్ను కూర్చోమని ఆయన అనలేదు. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమాను. తోమినవే తోమాను. కోడలు వచ్చి పక్కన నిలబడింది.

"అత్తయ్యా, మా అమ్మని ఏమైనా అనాలనుంటే నాతో చెప్పండి. నేను అంటాను. నేనైతే పడుతుంది."

"మీ అమ్మని నేనేమంటాను? ఆవిడ నోట్లో ముత్యాలున్నాయి. ఏరుకునేవాళ్ళు ఏరుకుంటున్నారు."

"మావయ్యగారిని అంటారా?"

"ఆయన్ని అనాలంటే ఆ గదిలోకి వెళ్ళాలి. ఆ గదిలో మాట్లాడకూడదు."

కోడలు నవ్వు ఆపుకోవడానికి పెరట్లోకి వెళ్ళింది.

ఇంట్లో మిగతావాళ్ళు మాత్రం మారిపోయారు. మనవరాలు ఆ గదిలో పాట పాడుతూ తిరిగింది. మా అబ్బాయి అక్కడే నిలబడి ఫోన్ మాట్లాడాడు. మరిది మొదట ఒకసారి భయంభయంగా తుమ్మి చూశాడు. మా ఆయన తల తిప్పలేదు. ఆ రోజు నుంచి మరిది తుమ్మినంతసేపూ తుమ్మాడు. నేనొక్కదాన్నే గ్లాసు పట్టుకుని పిల్లిలా వెళ్ళి పిల్లిలా వచ్చాను. చట్టాన్ని నేనైనా నిలబెట్టాలి. ఏదో ఒక రోజు ఆయనకి విసుగొస్తుంది, చెయ్యెత్తి ఆమెతో కూడా ఆ మాట అంటారు. ఆ రోజు కోసం కాచుకుని ఉన్నాను.

వచ్చింది ఆ రోజు. ముసురు పట్టిన మధ్యాహ్నం. నేను టీ తీసుకుని గుమ్మం దాకా వచ్చాను. వియ్యపురాలు ఎక్స్ఛేంజీ కబుర్లు చెబుతోంది. "నేను ఆ సూపర్‌వైజరుని అనుకరిస్తూ వాడి గొంతుతోనే అందర్నీ తిడుతున్నానా, పక్కమ్మాయిలు ఎవరూ నవ్వట్లేదేమిటి అని చూద్దును కదా, అన్నయ్యగారూ, వాడు నా వెనకే..."

టక్ మని ఏదో చప్పుడైంది. మా ఆయన చెయ్యి పైకి లేచింది.

"మాట్లాడకండి."

తల కూడా ఎత్తలేదు. అదే చెయ్యి, అదే మాట. వియ్యపురాలు నోరు తెరిచినది తెరిచినట్టే ఆగిపోయింది. నేను ఇంక ఆగలేకపోయాను. గదిలో అడుగుపెట్టాను. పెళ్ళైన కొత్తల తర్వాత ఆ గదిలో నేను నోరు విప్పింది అప్పుడే.

"చూశారా వదినగారూ! చెప్పానా, లేదా? పని దగ్గర ఆయనకి మాటలు పడవు! మొదట్నుంచీ అంతే!"

"నువ్వు కూడా మాట్లాడకు" అన్నారాయన.

ముగ్గురం అలాగే ఉండిపోయాం. ఆయన తల ఒక పక్కకి వంచి వింటున్నారు. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి, మోకాళ్ళ మీద కూర్చుని, బల్ల కాలు వెనక అరచెయ్యి పెట్టి తడిమారు. వేలు తడి చేసుకుని అద్దారు. వేలి చివర ఆవగింజలో సగం లేని స్క్రూ ఒకటి అంటుకుని వచ్చింది.

"దొరికింది" అన్నారు పైకి లేస్తూ. "ఇది కళ్ళతో వెతికితే దొరికేది కాదు. కింద పడ్డప్పుడొక చప్పుడు, ఎగిరి పడ్డప్పుడు ఇంకో చప్పుడు. రెండోది ఎటు నుంచి వచ్చిందో విని పట్టుకోవాలి. ఆ క్షణం ఎవరైనా మాట్లాడితే ఇక ఇల్లంతా ఊడ్చుకోవడమే."

స్క్రూ డబ్బా మూతలో వేసి, భూతద్దం కంటికి పెట్టుకున్నారు.

"ఊఁ, చెప్పు చెల్లెమ్మా. సూపర్‌వైజరు వెనకే ఉన్నాడు. తర్వాత?"

నేను గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

పెరట్లో దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. వసారా కింద ఉన్నా జల్లు కొడుతోంది. అవి తీస్తున్నాను. వియ్యపురాలు నా వెనకే వచ్చి దుప్పటి రెండో చివర పట్టుకుంది. ఇద్దరం మడతపెట్టడం మొదలుపెట్టాం.

"నా మీద కోపమా వదినగారూ?"

"మీ మీద నాకెందుకండీ కోపం? మీరు చుట్టాలు."

"చుట్టాలు అన్నారంటేనే కోపం."

నేను దుప్పటి అంచు గట్టిగా దులిపాను. ఆమె ఊరుకోలేదు. ఊరుకునే మనిషైతే ఎక్స్ఛేంజీలో అన్నేళ్ళు ఉండేది కాదు.

"అన్నయ్యగారు ఇంత మాటకారి అని మా అమ్మాయి ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆయనతో మీరెందుకు మాట్లాడరు?"

"నేను మాట్లాడకపోవడమేమిటి? పెళ్ళైన కొత్తలో ఆయనే అన్నారు, మాట్లాడకు అని. నా చెవులతో విన్నాను."

"ఇందాక నాతో అన్నట్టా?"

నేను దుప్పటి చివరలు కలిపాను. సరిగ్గా కలవలేదు. మళ్ళీ విప్పి కలిపాను.

"నాతో మరోలా చెప్పారే ఆయన" అంది.

"ఏమని?"

"చెప్తే ఏమీ అనుకోకూడదు."

"అనుకోను. చెప్పండి."

"మా ఆవిడకి మాటల చప్పుడు గిట్టదు చెల్లెమ్మా, ఇంట్లో ఎవర్నీ నోరెత్తనివ్వదు, మా తమ్ముడు పాపం వీధిలోకెళ్ళి తుమ్మొస్తాడు, ఆమెని నొప్పించడం ఎందుకని నేనూ అలవాటు చేసుకున్నాను, అన్నారు."

దుప్పటి నా చేతుల్లోంచి జారి బురదలో పడింది. దాన్ని మళ్ళీ ఉతకాల్సి వచ్చింది.

ఆ రాత్రి భోజనం దగ్గర ప్రయత్నం చేశాను. "ఇవాళ స్క్రూ దొరికిందిగా" అన్నాను.

"దొరికింది" అన్నారు. నా వైపు ఒకసారి చూసి, "చాలు" అన్నారు. నా చేతిలో గరిటె ఉంది. దేన్ని చాలన్నారో అడగలేదు.

అసలు సంగతి తెలిశాక నా కడుపుమంట తగ్గి ఉండాలి. తగ్గలేదు. వియ్యపురాలు ఉన్నన్నాళ్ళూ ఆ కుర్చీ ఆమెదే. ఆయన ఆమెకి మా పెళ్ళికి ముందు సంగతులు చెప్పారు, పెళ్ళి తర్వాతివి చెప్పారు, నేను పక్కనే ఉండి కూడా ఎరగనివి చెప్పారు. నేను తలుపు తుడుస్తూనే ఉన్నాను. వానలు తగ్గాయి. తాపీమేస్త్రి నుంచి కబురొచ్చింది. ఆమె సంచీ సర్దుకుంటుంటే నేనే ముందుగా వెళ్ళి ఆటో పిలిచాను.

"తొందరేం లేదు వదినగారూ" అంది.

"మళ్ళీ వాన వస్తుందేమో" అన్నాను. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

ఆమె వెళ్ళిన మర్నాడు పొద్దున ముందుగదిలో మళ్ళీ చప్పుడు లేదు. పాటలు ఆగిపోయాయి. మనవరాలు వేలు పెదాల మీద పెట్టుకుని బడికి వెళ్ళింది. మరిది యూనిఫాం వేసుకుని గుమ్మంలో నిలబడి, నా వైపు తిరిగి గాల్లో స్టీరింగు తిప్పాడు.

"నోటితో చెప్పు" అన్నాను.

మరిది చేతిలో క్యారేజీ కింద పడింది. "వదినా, ఒంట్లో బాగుందా?"

"డ్యూటీకి వెళ్తున్నావా?"

"వెళ్తున్నా."

"వెళ్ళిరా."

మా ఆయన పని ఆపి ఇదంతా చూశారు. నేను వెళ్ళి సెలూన్ కుర్చీలో కూర్చున్నాను. దాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఆయన నన్ను చూశారు. నేను గడియారాల్ని చూశాను. ఆయన ఒక గోడగడియారం మూత విప్పారు, బిగించారు, మళ్ళీ విప్పారు. నాకు అడగడానికి ఏమీ దొరకలేదు. స్ప్రింగు సంగతి తెలుసు. అయస్కాంతం సంగతి తెలుసు. తలుపు అవతల నుంచి అన్నీ విన్నవే.

"వదినగారికి చెప్పనిది ఏదైనా ఉంటే చెప్పండి" అన్నాను.

ఆయన ఆలోచించారు. "అన్నీ చెప్పేశానే."

"ఇంకా ఆలోచించండి."

ఆయన భూతద్దం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఒకటుంది" అన్నారు. "కుడికన్ను సరిగ్గా కనబడటం లేదు. పోయినేడాది నుంచి. చేతిగడియారాలు వస్తే, కుదరదని పంపించేస్తున్నాను. స్క్రూలు ఎప్పుడూ ఇన్ని పడేవి కావు."

ఎదురు సెలూన్‌లో రేడియో మోగుతోంది. ఇక్కడికి వినబడుతోంది.

"అబ్బాయికి చెప్పారా?"

"లేదు."

"మీ తమ్ముడికి?"

"లేదు."

"వదినగారికి?"

"చెప్పలేదు."

"ఒక్క మాట కూడా?"

"నీకే చెప్పడం. ఆవిడకి చెప్పలేదని చెబుతుంటే!"

"సరే" అన్నాను. "రేపు కంటి డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"ఇంట్లో ఎవరికీ చెప్పకు."

"చెప్పను."

చెప్పలేదు. మర్నాడు కోడలు అడిగితే బజారుకి అన్నాను. ఆయన బజారుకి రావడమేమిటని ఆమె రెండోసారి అడిగింది. అప్పటికే మేం వీధిలో ఉన్నాం. బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. దారి పొడుగునా ఆయన మాట్లాడారు. తన చిన్నప్పుడు ఈ రోడ్డు ఎంత వెడల్పుండేదో చెప్పారు, మూలమలుపులో కట్టెల అడితి ఉండేదని చెప్పారు. నేను మధ్యలో ఒకసారి "ఇది కూడా ఆవిడకి చెప్పారా?" అని అడిగాను. రోడ్డు గురించి చెప్పలేదన్నారు.

ఆస్పత్రిలో జనం ఉన్నారు. గోడవారగా కుర్చీల వరస. ఆయన్ని అక్కడ కూర్చోబెట్టి, చీటీ రాయించడానికి నేను కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాను. తిరిగి వచ్చేసరికి ఆయన అవతలి కుర్చీలోని ఆవిడతో మాట్లాడుతున్నారు. ఆవిడ చేతిగడియారం విప్పి ఆయనకి ఇచ్చింది. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, లోపల ఏం అరిగిందో చెబుతున్నారు. ఆవిడ నవ్వుతోంది.

వాళ్ళిద్దరి మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. నేను వెళ్ళి అందులో కూర్చున్నాను.